వుల్ఫ్‌స్టన్ నవల రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

పదకొండో శతాబ్దపు ఇంగ్లండ్‌లో వూస్టర్ బిషప్‌గా ఉన్న వుల్ఫ్‌స్టన్ మీద నవల మొదలుపెట్టావని తెలిసి సంతోషమేసింది. ఒక్క మాట ముందే చెబుతాను. ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి వచ్చిన విలియం ఇంగ్లండ్‌ను గెలిచిన 1066 హేస్టింగ్స్ యుద్ధంతో కథ ఎత్తుకోకు. ఆయన పోరాటమంతా భూమి మీద, దస్తావేజుల మీద జరిగింది.

నీ కథలో ఎదుటి మనిషి విలియం రాజు కాదు, వూస్టర్‌షైర్‌లో రాజు అధికారి (షెరిఫ్) ఊర్స్. ఈ నార్మన్ కోట కట్టిస్తూ మఠంవాళ్ల శ్మశానంలోకి చొచ్చుకొచ్చాడు, చర్చి భూములూ మింగాడు. అలాంటివాడి పక్కనే నిలబడి, 1075లో అరవై దాటిన బిషప్ సెవర్న్ నదిని కాపుకాశాడు. రాజు మీద తిరగబడ్డ హెర్‌ఫర్డ్ ప్రభువు (ఎర్ల్) రోజర్ సేన నది దాటకూడదని! రాసేవాళ్లు తడబడేది ఇక్కడే. ఆయన్ని లోలోపల తిరుగుబాటుదారుణ్ణి చేసేస్తారు. 1066లోనే బెర్కమ్‌స్టెడ్‌లో విలియంకు లొంగిన మనిషి, 1095లో పోయేదాకా రాజు పక్షం వదల్లేదు. అప్పటికి స్వదేశీ బిషప్ ఆయన ఒక్కడే మిగిలాడు. సెవర్న్ అధ్యాయం తొందరపడకుండా రాయి.

ఊర్స్‌కు జవాబు హెమ్మింగ్ చేతిలో ఉంది. ఏ భూమి తమదో, ఏది ఎవరు లాక్కున్నారో తర్వాతివాళ్లకు తెలియాలని బిషప్ ఈ సన్యాసి చేత లెక్క రాయించాడు. అది తోలు మీద రాత. కాగితం అని రాశావో, దృశ్యం చెడుతుంది. పాపసంకీర్తనకు, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, చెక్క గది కూడా పెట్టకు, అది 16వ శతాబ్దంలో వచ్చింది.

వుల్ఫ్‌స్టన్ బ్రిస్టల్ రేవు నుంచి ఐర్లండ్‌కు మనుషుల్ని బానిసలుగా అమ్మేవాళ్ల మధ్యకు వెళ్లి, రెండు మూడు నెలలు ఆ చుట్టుపక్కలే ఉండి, ఆదివారం ఆదివారం ఇంగ్లీషులో ప్రసంగించేవాడు. ఒక్క ప్రసంగంతో వ్యాపారులు మారిపోయినట్టు రాయకు. పదేపదే వెళ్లడంలోనే ఆయన బలం ఉంది. విలియం రాజు దేశంలోని భూములన్నిటికీ తీయించిన 1086 డూమ్స్‌డే లెక్కల్లో వూస్టర్ చర్చి భూముల్లోనూ బానిసలున్నారు. అదీ దాచకు.

రాజు తీసేసుకోబోయిన బిషప్ దండం, విలియంకు ముందటి రాజు ఎడ్వర్డ్ సమాధి రాతిలో దిగబడిందన్న కథ తర్వాతి తరాలది. ఏ సన్యాసి నోటో చెప్పించు, నువ్వు మాత్రం జరిగినట్టు చెప్పకు.

భాషకొస్తే మేత్రాసనం (బిషప్ పరిధి), దివ్యబలిపూజ (మాస్), పీఠాధిపతి (బిషప్) మన కథోలికులు రోజూ వాడే మాటలే. కొత్తవి పుట్టించకు.

1084లో ఆయన కొత్త కెథీడ్రల్ మొదలుపెట్టాడు. పాత చర్చిని పడగొడుతుంటే, పుణ్యాత్ములు కట్టింది కూల్చుతున్నామని ఏడ్చాడట. కట్టించేదీ తనే, ఏడ్చేదీ తనే. కొత్తదాని నేలమాళిగ ఇంకా నిలిచే ఉంది. ఆ పొట్టి స్తంభాల ఫొటో ఎదురుగా పెట్టుకుని ఆ అధ్యాయానికి కూర్చో.

మీ అన్నయ్య