తెల్లటి పోగు కనబడ్డాక అసలు పని మొదలు

చి. అమ్మాయికి ఆశీస్సులు.

సైన్స్ ప్రదర్శనలో మీ ల్యాబ్ తరఫున ఒక బల్ల వేస్తున్నామనీ, స్ట్రాబెర్రీలోంచి డీఎన్‌ఏ తీయించడం ఎలా ఉంటుందనీ అడిగావు. బాగానే ఉంటుంది, కానీ గారడీలా ముగిసిపోకూడదు. వచ్చినవాళ్లు తెల్లటి పోగును ఫొటో తీసుకుని వెళ్లిపోతే, మీరేం పరిశోధిస్తున్నారో వాళ్లకి తెలిసింది సున్నా.

ముందు సరంజామా సంగతి. 90 మి.లీ. నీళ్లు, 10 మి.లీ. గిన్నెలు తోమే లిక్విడ్, పావు టీస్పూను ఉప్పు. నురగ రాకుండా మెల్లగా కలపాలి. ఒక పండుకి 10 మి.లీ. చొప్పున ఇది పదిమందికి సరిపోతుంది. పండ్లను ముందురోజు ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున బయట కరగనివ్వు. గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణాలను చీల్చేస్తాయి కాబట్టి చిన్నపిల్లలు కూడా తేలిగ్గా పిసకగలుగుతారు. జిప్ కవర్లో పండు వేసి, గాలి తీసేసి మూసి, ముందు ఉత్త పండునే బాగా పిసికించు. ద్రావణం పోసేది ఆ తర్వాతే. మొదటే పోస్తే పిసికినకొద్దీ నురగ పేరుకుంటుంది, చివర్లో రసం పొరకీ ఆల్కహాల్ పొరకీ మధ్య ఏముందో కనబడదు.

వడపోత దగ్గరే జనం నిలిచిపోతారు. కాఫీ ఫిల్టర్ కాగితం శుభ్రంగా వడకడుతుంది గానీ గుజ్జు అడ్డుపడి చుక్కచుక్కగా దిగుతుంది. కట్లు కట్టే గాజు గుడ్డ రెండు మడతలు వేస్తే చాలు, కాస్త మడ్డి దిగినా నష్టం లేదు.

ఆల్కహాల్ 90 శాతం పైబడిన ఐసోప్రొపైల్ అయి ఉండాలి. దాన్ని మామూలు ఫ్రీజర్‌లో దాచొద్దు. ఫ్రీజర్ లోపల కరెంటు నిప్పురవ్వ లేస్తే ఆల్కహాల్ ఆవిరి అంటుకోవచ్చు. మూత బిగించిన సీసాని గంటముందు ఐసులో దించితే సరిపోతుంది. వడకట్టిన రసం 3 మి.లీ. ట్యూబులోకి తీసి, ట్యూబు వంచి, డ్రాపర్‌తో గోడ వెంట అంతే ఆల్కహాల్ జార్చాలి. ఆత్రంగా గుమ్మరిస్తే పొరలు కలిసిపోతాయి, ఊపితే పోగులు తెగుతాయి. ఈ ఒక్క పని మాత్రం నువ్వు చేసిపెట్టకు, వాళ్ల చేతనే చేయించు. నిమిషంలో సరిహద్దు దగ్గర మబ్బులాంటిది లేస్తుంది, దాన్ని పుల్లతో చుట్టి తీయొచ్చు.

ఎందుకిలా అంటే రెండు ముక్కల్లో చెప్పు. సబ్బు కణం పొరల్లోని కొవ్వును విడదీస్తుంది. డీఎన్‌ఏకున్న రుణావేశాన్ని ఉప్పులోని సోడియం కప్పేస్తుంది, అందుకే ఆల్కహాల్‌లో కరగలేక పోగులన్నీ దగ్గరికి చేరతాయి. సాగులో ఉన్న స్ట్రాబెర్రీ కణంలో క్రోమోజోముల సెట్లు ఎనిమిది, మనకి రెండే. ఈ మాటకి పిల్లలు భలే ఆశ్చర్యపోతారు.

ఇక అసలు సంగతి. ఎవరో ఒకరు "ఇది డీఎన్‌ఏనే అని మీకెలా తెలుసు?" అంటారు. అనకపోతే నువ్వే అనిపించు. ఆ ముద్దలో పండులోని పెక్టిన్ అనే జిగురు పదార్థం, ప్రోటీన్లు కూడా ఉంటాయి. డీఎన్‌ఏ జంటపోగు వెడల్పు 2 నానోమీటర్లే, ఒంటరిగా కంటికి ఆనదు. కనబడేది పెద్ద గుంపు. జామ్ గట్టిపడటానికి వేసే పెక్టిన్ పొడిని నీళ్లలో కరిగించి, దానిమీద కూడా అదే ఆల్కహాల్ పోసి పక్కన పెట్టు. అందులోనూ జిగురు ముద్ద కడుతుంది! రెండు ట్యూబులూ చేతికిచ్చి, ఏది ఏదో ఎలా తేల్చాలో వాళ్లనే ఆలోచించనివ్వు. తొందరపడి జవాబు చెప్పకు. ఆ తర్వాత ల్యాబులో ఏం చేస్తారో చెప్పు. డీఎన్‌ఏకి అంటుకుంటే వెలిగే రంగు వేస్తాం, లేదా డీఎన్‌ఏని మాత్రమే కోసే ఎంజైమ్ వేసి ముద్ద మిగిలిందో లేదో చూస్తాం. మీ పరిశోధనలో ఇప్పుడు తేలని ప్రశ్న ఏదో చెప్పడానికి ఇదే అదను. ఒక్క వాక్యంలో చెప్పు. పోస్టర్ అక్కర్లేదు, ఎవరూ చదవరు.

చేతులకి లేటెక్స్ బదులు నైట్రైల్ గ్లవ్స్, కళ్లకి అద్దాలు. స్ట్రాబెర్రీ పడనివాళ్లున్నారేమో ముందే అడగాలి. బల్ల మీది పండు తినడానికి కాదని బోర్డు పెట్టు. అరచేతి సూక్ష్మజీవులను ప్లేట్లమీద పెంచి ఇద్దామని మీవాళ్లలో ఎవరైనా అంటే ఒప్పుకోకు. ఏం పెరుగుతుందో తెలియనిదాన్ని ఇంటికి పంపకూడదు.

బల్ల దగ్గర ఇద్దరుండాలి, ఒకరు మాట్లాడటానికి, ఇంకొకరు ట్యూబులు మార్చడానికి. ముందుగా బయాలజీ తెలియని స్నేహితురాలితో ఒకసారి పూర్తిగా చేయించి చూడు, నువ్వు నోరు మెదపకుండా. ఆమె ఎక్కడ ఆగిపోతే అక్కడ నీ సూచన సరిగ్గా లేదన్నమాట. వాడిన ఆల్కహాల్‌ని సింకులో పారబోయొద్దు. మూతున్న డబ్బాలో పట్టి, పేరు రాసి ల్యాబుకి తిరిగి తీసుకెళ్లు.