సమాధానం: జర్మన్ కుటుంబ కథాచిత్రాలను ఎక్కడ మొదలుపెట్టాలి?

జర్మన్ చిత్రం ‘టోనీ ఎర్డ్‌మన్’ (2016) అరగంట చూసి, కథ కదలడం లేదని ఆపేశానని, మరి ఇలాంటి చిత్రాలను ఎక్కడ మొదలుపెట్టాలని మీరు అడిగారు. 162 నిమిషాల ఆ చిత్రాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి, అదే దర్శకురాలు మారెన్ ఆడె తీసిన ‘ఆలె ఆండెరెన్’ (2009) ముందుగా చూడండి. సార్డీనియాలో సెలవులు గడుపుతున్న గిట్టి, క్రిస్ అనే జంట కథ అది; తనకంటే పేరు తెచ్చుకున్న మరో ఆర్కిటెక్టు తారసపడ్డాక, క్రిస్ తన ప్రియురాలి మాటతీరుకు నలుగురిలో సిగ్గుపడడం మొదలుపెడతాడు. సంఘటనల కోసం ఎదురుచూడకుండా, ఒకరు మాట్లాడుతున్నప్పుడు రెండోవారి ముఖాన్ని గమనిస్తే కథ ఎక్కడ నడుస్తోందో తెలుస్తుంది. గిట్టిగా నటించిన బిర్గిట్ మినిక్‌మైర్‌కు బెర్లిన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం ఊరికే రాలేదు. ఆ తరువాత ‘టోనీ ఎర్డ్‌మన్’ మళ్లీ చూస్తే, అందులో చొక్కా జేబులోంచి కట్టుడు పళ్లు తీసి పెట్టుకునే తండ్రి, బుకారెస్ట్‌లో ఉద్యోగమే లోకంగా బతుకుతున్న కూతురిని అంతగా ఎందుకు విసిగిస్తున్నాడో మీకే బోధపడుతుంది. రెండింటినీ డబ్బింగ్‌లో కాక సబ్‌టైటిళ్లతోనే చూడండి.