పారిస్ ప్రయాణంలో లా దెఫాన్స్‌కు ఒక పూట కేటాయించవచ్చా?

తల్లిదండ్రులతో కలిసి జూన్‌లో విశాఖ నుంచి పారిస్ వెళ్తున్నామని, చేతిలో ఉన్నవి నాలుగే రోజులని, ఆకాశహర్మ్యాల వ్యాపార కేంద్రమైన లా దెఫాన్స్‌కు అందులో ఒక పూట కేటాయించడం సబబేనా అని మీరు అడిగారు. సబబేనని నా అభిప్రాయం. అయితే అక్కడ ఏ స్టేషన్‌లో దిగుతారు, ఎటు తిరిగి నిలబడతారు అన్నదాన్ని బట్టి ఆ పూట విలువ మారిపోతుంది.

మా అక్క కూతురు పారిస్‌లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మను వెంటబెట్టుకుని నేను అక్కడికి రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి మెట్రో ఒకటో లైనులో చివరి స్టేషన్ దాకా వెళ్లి, నేల కిందినుంచే షాపింగ్ మాల్‌లోకి చేరి, గంటసేపు దుకాణాల మధ్య తిరిగి, గ్రాండ్ ఆర్ష్ అనే భారీ తోరణం ముందు ఒక ఫొటో తీసుకుని వచ్చేశాం. "ఇంతదూరం వచ్చింది దీనికోసమా?" అని అమ్మ అడిగితే నా దగ్గర సమాధానం లేదు.

రెండోసారి ఒక స్టేషన్ ముందే, ఎస్ప్లనాడ్ ద లా దెఫాన్స్‌లో దిగాం. దానికి కాస్త ముందు రైలు సొరంగంలోంచి పైకి వచ్చి వంతెన మీద సేన్ నదిని దాటుతుంది. పారిస్ నగరపు హద్దు దాటామని అప్పుడే తెలుస్తుంది. అక్కడి నుంచి గ్రాండ్ ఆర్ష్ వరకు దాదాపు కిలోమీటరు నడక. రోడ్లూ రైళ్లూ అన్నీ కిందనే ఉన్నందువల్ల పైన వాహనాల బెడద లేదు, కూర్చోవడానికి చోటుంది, పెద్దవారు నింపాదిగా నడవవచ్చు. ఒక్క గాలి విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం: మన విశాఖ బీచ్ రోడ్డు గాలికి అలవాటుపడిన అమ్మ కూడా ఆ భవనాల మధ్య వీచే గాలికి శాలువా కప్పుకోవలసి వచ్చింది.

దారిలో 1870-71లో ప్రష్యాతో జరిగిన యుద్ధంలో పారిస్‌ను కాపాడినవారి స్మారకంగా 1883లో నెలకొల్పిన విగ్రహం కనిపిస్తుంది. ఆ ప్రాంతానికి లా దెఫాన్స్, అంటే 'రక్షణ', అన్న పేరు దానివల్లనే వచ్చింది. మూడు మూలల మీద మాత్రమే ఆని, నడుమ ఒక్క స్తంభమైనా లేకుండా 218 మీటర్ల మేర కమ్ముకున్న సీఎన్ఐటీ అనే ప్రదర్శనశాల కాంక్రీటు కప్పు 1958 నాటిది. నన్ను అన్నిటికంటే ఎక్కువగా కట్టిపడేసింది అదే.

1989లో ప్రారంభమైన గ్రాండ్ ఆర్ష్ 110 మీటర్ల ఎత్తున, మధ్యలో బోలుగా ఉండే ఘనాకార కట్టడం. నేల కింద మెట్రో, రైలు మార్గం, రహదారి ఉండటంతో పునాది స్తంభాలు వాటిని తప్పించుకోవలసి వచ్చి, కట్టడాన్ని ఆరు డిగ్రీలకు పైగా పక్కకు తిప్పి నిలిపారు. దాన్ని రూపొందించిన డెన్మార్క్ వాస్తుశిల్పి స్ప్రెకెల్సెన్ అది పూర్తికాకముందే, 1987లో కన్నుమూశారు.

గ్రాండ్ ఆర్ష్ మెట్లెక్కి వెనక్కి తిరగండి. లూవ్ర్ మ్యూజియం నుంచి షాంజెలిజే రాజవీధి మీదుగా సాగివచ్చిన పాత నగరపు సరళరేఖ, నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని విజయ తోరణం (ఆర్క్ ద త్రియోంఫ్)తో సహా, మీకు ఎదురుగా ఉంటుంది. 1973లో నగరం లోపల 210 మీటర్ల మోంపర్నాస్ టవర్ లేచాక ప్రజల్లో వచ్చిన వ్యతిరేకత వల్ల 1977లో పారిస్‌లో కొత్త కట్టడాల ఎత్తును 37 మీటర్లకు పరిమితం చేశారు. ఎత్తైన భవనాలకు మాత్రం ఆ పాత రేఖ చివర, నగరం వెలుపల చోటిచ్చారు. నేను పుట్టి పెరిగింది మన వన్ టౌన్‌లో. టౌన్ హాల్ చుట్టుపక్కల ఒక్కొక్క పాత ఇల్లే పడిపోవడం చూసినదాన్ని కనుక, ఆ మెట్ల మీద కూర్చుని పులిహోర తింటున్నంతసేపూ నా ధ్యాస ఆ వీధుల మీదే ఉంది. కొత్తదానికి వేరే చోటు చూపితే పాతది బతుకుతుందని అక్కడ కళ్లారా చూశాను. అమ్మ కూడా ఈసారి లేవడానికి తొందరపడలేదు.

మీరు లూవ్ర్ చూసిన రోజునే, అక్కడే ఒకటో లైను ఎక్కి, సాయంత్రం ఆరు తర్వాత చేరుకునేలా వెళ్లండి. పొద్దు మీ వెనుక వాలుతూ విజయ తోరణం మీద వెలుగు పడుతుంది. జూన్‌లో అక్కడ సూర్యాస్తమయం రాత్రి పది గంటలకు దగ్గరగా అవుతుంది కనుక, పెద్దవారి భోజనం వెంట తీసుకువెళ్లడం మంచిది.