నిమ్మళంగా ఉన్న చెరువు మీద: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

శివరాత్రి వెళ్లి మోదుగులు పూసే ఈ రోజుల్లో చలి పోయి ఉంటుంది, ఎండ ఇంకా ముదరదు. అందరి కాళ్లూ చెరువుల వైపే లాగుతాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పడవల గురించే నాలుగు ఉన్నాయి, అందుకే మిగతావి వచ్చే సంచికకు ఉంచి ఈ నాలుగింటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, హోలీ సెలవుకు మా తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప, మా అత్తమ్మతో కలిసి లక్నవరం చెరువుకు వెళ్దామనుకుంటున్నాం. 2019లో పాపికొండలకు వెళ్లిన బోటు గోదావరిలో మునిగినప్పటి నుంచి నాకు బోటు అంటేనే టెన్షన్. మా ఆయనేమో "అది వరద టైమ్, ఇప్పుడు చెరువు అద్దంలా ఉంటుంది, లైఫ్ జాకెట్లు కూడా అక్కర్లేదు" అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, హనుమకొండ

జవాబు: వెళ్లండమ్మా, భయపడి మానుకోకండి. కానీ మీ ఆయన మాటలో సగమే నిజం. వరద లేదన్నది నిజమే, ప్రమాదం లేదన్నది మాత్రం కాదు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన ఆ బోటులో మన కాజీపేట పక్కనున్న కడిపికొండ వాళ్లు కూడా ఉన్నారు, కాబట్టి మీ భయం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

మాది పాకాల చెరువు ఆయకట్టు కింది ఊరు. ఈ కాలంలో చెరువులో ఏం జరుగుతుందో చూస్తూ పెరిగాను. యాసంగి వరికి తూముల నుంచి నీళ్లు వదులుతూ ఉంటారు, నీటి మట్టం దిగుతూ వస్తుంది. వానకాలంలో మత్తడి దూకేటప్పుడు రెండు నిలువుల లోతున ఉన్న బండలు, చెట్ల మోడులు ఇప్పుడు జానెడు నీళ్ల కిందికి వచ్చేస్తాయి, పైకి మాత్రం ఏమీ కనపడదు. జోరుగా పోయే బోటు అలాంటి దానికి తగిలితే అంచున కూర్చున్నవాళ్లు ఎగిరి నీళ్లలో పడతారు. అందుకే చిన్న పిల్లలతో స్పీడ్ బోటు వద్దంటాను. నాలుగేళ్ల పాపతో పెడల్ బోటు కూడా వద్దు, ఎందుకంటే తొక్కుతూ, బోటు తిప్పుతూ పాప మీద కన్నేసి ఉంచడం ఎవరివల్లా కాదు. డ్రైవరు ఉండి, చుట్టూ కమ్మీలున్న పెద్ద బోటు ఎక్కండి. దీవి దగ్గర గానీ ఒడ్డు దగ్గర గానీ బోటు పూర్తిగా ఆగకముందే దూకనివ్వకండి. తేలిన ఒండ్రు మీద పైపైన ఎండి గట్టిగా కనిపిస్తుంది కానీ కాలు వేస్తే మోకాలి దాకా దిగబడుతుంది.

రెండోది గాలి. మార్చి నుంచి మన వైపు పొద్దంతా ఉక్కపోసి సాయంత్రానికి ఉన్నట్టుండి మబ్బు కమ్ముకునే రోజులు మొదలవుతాయి, ఈదురుగాలి, ఉరుములు, ఒక్కోసారి రాళ్ల వాన. మామిడి తోటల వాళ్లు గుండె అరచేతిలో పెట్టుకుని చూసే మబ్బు అదే. చెరువు నడుమ చెట్టూ ఉండదు, ఇల్లూ ఉండదు, ఉన్నవాటిలో ఎత్తైంది మీ బోటే. కాబట్టి పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నం భోజనానికల్లా నీళ్ల మీద నుంచి వచ్చేసేలా ప్లాన్ చేసుకోండి. మెరుపు కనిపించాక ఉరుము వినపడే దాకా లెక్కపెట్టండి, శబ్దం కిలోమీటరు రావడానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. ముప్పై లెక్కపెట్టే లోపే ఉరిమిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, వెంటనే ఒడ్డుకు చేరాలి. చివరి ఉరుము విన్నాక ఇంకో అరగంట దాకా మళ్లీ ఎక్కకూడదు, టికెట్ డబ్బులు పోయినా సరే.

ఇక జాకెట్. దీని మీద నేను ఎంత రాసినా తక్కువే. చాలామంది దాన్ని తీసుకుని ఒళ్లో పెట్టుకుంటారు, ఇంకొందరు కింద మెత్తగా ఉంటుందని వేసుకుని కూర్చుంటారు, ఫొటోలో చీర కనపడదని విప్పేసేవాళ్లనూ చూశాను. నీళ్లలో పడ్డాక జాకెట్ తొడుక్కోవడం మంచి ఈతగాడికి కూడా గండమే, చేతులు రెండూ తేలడానికే సరిపోవు. అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా వేసే లెక్కల్లో పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయిన ప్రతి ఐదుగురిలో నలుగురికి పైగా జాకెట్ లేనివాళ్లే ఉంటారు. మీ ఆయనకు ఈ ఒక్క లెక్క చూపించండి. మెట్టు మీద కాలు పెట్టకముందే అందరికీ తొడగండి, మళ్లీ ఒడ్డు మీద కాలు పెట్టాకే విప్పండి.

తొడిగితే సరిపోదు, సరిగ్గా పట్టాలి. జిప్పు లేదా బకుల్స్ అన్నీ పెట్టి, నడుము పట్టీలు బిగించి, భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకుని పైకి లాగండి. జాకెట్ గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే అది వదులు, నీళ్లలో అది పైకి పోతుంది, పిల్ల కిందికి జారుతుంది. పాపకు పెద్దల జాకెట్ ఇచ్చి "గట్టిగా కట్టాం లెండి" అంటే ఒప్పుకోకండి. లోపల ఎంత బరువు వాళ్లకో రాసి ఉంటుంది, చూసి అడగండి. చిన్న పిల్లల జాకెట్‌కు మెడ వెనక తలను పైకి ఎత్తి ఉంచే కాలర్, కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటాయి, ఆ పట్టీ తప్పకుండా పెట్టాలి. పాపకు సరిపోయేది అక్కడ లేకపోతే పాపా, మీలో ఒకరూ ఒడ్డున ఉండండి, లక్నవరంలోని వేలాడే వంతెన మీద నడిపించండి, పాప అక్కడ కూడా అంతే సంతోషపడుతుంది. జాకెట్ ఉంది కదా అని పాపను మీ కొంగుతో గానీ బోటుకు గానీ కట్టకండి, బోటు తిరగబడితే అదే ఉరి అవుతుంది.

అత్తమ్మగారు చీరలో వస్తే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి, కొంగును నడుముకు చుట్టి దాని పైనుంచి జాకెట్ వేయండి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది. ఎక్కే ముందు బోటు మీద ఎంతమందికి అని రాశారో చూడండి, అంతకన్నా ఒక్కరు ఎక్కువున్నా దిగి తర్వాతి బోటు కోసం ఆగండి. ఎక్కాక ఏ పక్షో కనిపించిందని అందరూ ఒకే పక్కకు లేచి వెళ్లకూడదు, నిమ్మళంగా ఉన్న నీళ్ల మీద కూడా బోటు ఒరిగేది ఎక్కువగా అలాగే.

ప్రశ్న: అక్కా, మేం ఐదుగురు ఫ్రెండ్స్‌మి. ఆదివారం మా ఊరి చెరువులో చేపలు పట్టేవాళ్ల థర్మాకోల్ తెప్ప తీసుకుని నడుమ దాకా వెళ్లి వస్తుంటాం. అందరికీ ఈత వచ్చు. ఒకరిద్దరు బీరు తాగుతారు. ఇంట్లో వాళ్లు ఊరికే తిడుతున్నారు. చెరువు లోతు కూడా తగ్గింది కదా, నిజంగా అంత ప్రమాదమా?
– నర్సంపేట నుంచి

జవాబు: తమ్ముడూ, అవును, అంత ప్రమాదమే. ఆ తెప్ప ఒక మనిషి కూర్చుని వల తీయడానికి చేసుకున్నది. దాని మీద ఆయన ఏళ్ల తరబడి కూర్చుని ఒళ్లు అలవాటు చేసుకున్నాడు, మోడులెక్కడ, వల ఎక్కడ కట్టి ఉంది అన్నీ ఆయనకు తెలుసు, మీకు తెలియదు. లోతు తగ్గిందంటున్నావు, రెండు నిలువుల్లో మునిగినా ఒక నిలువులో మునిగినా తేడా ఏముంది? పైగా నీళ్లు తగ్గేకొద్దీ గుర్రపు డెక్క, తామర తీగలు, తెగి వదిలేసిన వలలు అన్నీ దగ్గర దగ్గరగా చేరతాయి. కాలికి వల చుట్టుకుంటే ఈత ఎంత బాగా వచ్చినా గుంజుకునేకొద్దీ బిగుస్తుంది.

ఈత వచ్చినవాళ్లే జాకెట్ వద్దంటారు, నాకు ఎక్కువ భయం వాళ్ల గురించే. బావిలో నేర్చుకున్న ఈత గట్టు నుంచి గట్టుకు. చెరువు నడుమ నుంచి ఒడ్డు దగ్గరే ఉన్నట్టు కనిపిస్తుంది, సగం ఈదాక గానీ ఎంత దూరమో తెలియదు. తాగినవాడికి తెప్ప మీద ఒళ్లు నిలవదు, పడ్డాక ఏ వైపు పైకో కూడా అయోమయమవుతుంది. తాగినవాళ్లను తెప్ప ఎక్కనివ్వకండి, దీనికి మధ్యేమార్గం లేదు. ఆ తెప్ప మీద ఎవరికో ఒకరికి పొట్ట నిండుతుంది, అది అడగకుండా తీసుకెళ్లడం కూడా ఆపండి. అంత ఇష్టమైతే ఆయన్నే అడిగి, జాకెట్లు కొనుక్కుని, ఒక్కొక్కరుగా ఆయన వెంట వెళ్లండి.

ఇంకొకటి గుర్తుపెట్టుకో. మునిగే మనిషి అరవడు, చేతులు ఊపడు. ఊపిరి అందుకోవడానికే నోరు సరిపోదు, ఇక అరుపెక్కడిది? తల వెనక్కి వాలి, నోరు నీటి మట్టానికి వచ్చి, మెట్లెక్కుతున్నట్టు చేతులు నీళ్లను కిందికి నొక్కుతుంటాయి. పక్కనున్నవాళ్లు ఆట అనుకుంటారు. అలా కనిపిస్తే పేరు పెట్టి పిలవండి, జవాబు రాకపోతే ఆపదే. వెంటనే దూకకండి, మునిగేవాడు మెడ పట్టుకుని ఇద్దరినీ ముంచుతాడు. మా చిన్నాయన ఒకసారి అలా దూకి, ఒడ్డున ఉన్నాయన ఎద్దుల పగ్గం విసిరితే ఇద్దరూ దాన్ని పట్టుకుని బయటపడ్డారు. పగ్గం, కర్ర, తువ్వాల, మూత పెట్టిన ఖాళీ క్యాను, ఏది ఉంటే అది అందించాలి, విసరాలి.

ప్రశ్న: అమ్మా, మా అబ్బాయి అమెరికాలో మిచిగాన్‌లో చదువుకుంటున్నాడు. ఏప్రిల్‌లో ఎండలు వచ్చాయని ఫ్రెండ్స్‌తో చెరువులో కయాక్ అనే చిన్న తెడ్డు పడవ నడపడానికి వెళ్తామంటున్నాడు. ఇక్కడ మానేరులో ఈత నేర్చుకున్నవాడే. అయినా మనసు ఆగడం లేదు. వాడికి ఏం చెప్పాలి?
– కరీంనగర్ నుంచి

జవాబు: అమ్మా, మీ మనసు సరిగ్గానే చెప్తోంది. ఇది మన చెరువుల మాట కాదు, అక్కడి లెక్క వేరు. అక్కడ చలికాలమంతా చెరువుల మీద మంచు గడ్డకట్టి ఉంటుంది. అది కరిగిన కొత్తలో బయట ఎండ ఇరవై డిగ్రీలున్నా నీళ్లు నాలుగైదు డిగ్రీల్లోనే ఉండొచ్చు, అంటే మన ఫ్రిజ్‌లో పెట్టిన నీళ్లంత చల్లగా. నీళ్లు మన ఒంటి వేడిని గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి.

బాబుకు మూడు అంకెలు చెప్పండి: ఒకటి, పది, ఒకటి. కెనడాలో మనిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ అనే ఆచార్యుడు చల్లని నీళ్లలో మనిషి ఒంటికి ఏమవుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు, ఆయన వల్ల ప్రచారంలోకి వచ్చిన లెక్క ఇది. చల్లని నీళ్లలో పడగానే ఒక్కసారిగా ఎగపోత వస్తుంది, మనం ఆపుకోలేం, ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ ఊపిరి నిమ్మళించడానికి ఒక నిమిషం పడుతుంది, అప్పటిదాకా ఈదబోకుండా తల పైకి పెట్టి తేలాలి. తర్వాత చేతులు, కాళ్లు చెప్పినట్టు వినేది సుమారు పది నిమిషాలే, ఆలోగా కయాక్ పట్టుకోవాలి, పైకి ఎక్కాలి. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి దాదాపు గంట పడుతుంది. చాలామంది ఆ గంట దాకా బతకరు, జాకెట్ లేకపోతే మొదటి పదకొండు నిమిషాల్లోనే మునిగిపోతారు. అక్కడి నీళ్లలో, మానేరులో నేర్చుకున్న ఈత కన్నా ఒంటి మీది జాకెట్టే ముఖ్యం.

ఎండను చూసి కాదు, నీళ్లను చూసి బట్టలు వేసుకోమనండి. జీన్స్, కాటన్ టీషర్టు తడిస్తే చలి వదలదు. చల్లని నీళ్ల కోసమే ఉండే వెట్ సూట్ గానీ, లోపలికి నీళ్లు రాని డ్రై సూట్ గానీ అద్దెకు దొరక్కపోతే మే చివరో జూనో దాకా ఆగడమే నయం. ఒడ్డు వెంబడే పోవాలి, ఒంటరిగా పోకూడదు, ఎక్కడికి పోతున్నాడో, ఎన్ని గంటలకు వస్తాడో రూమ్మేట్‌కు చెప్పి పోవాలి, మెడలో ఈల ఉండాలి, ఫోన్ నీళ్లు పోని కవర్లో జాకెట్‌కే కట్టుకోవాలి. తిరగబడితే కయాక్‌ను వదిలి ఒడ్డుకు ఈదకూడదు, దాన్నే పట్టుకుని ఉండాలి, మోకాళ్లు ఛాతీకి ముడుచుకుంటే వేడి కాస్త నిలుస్తుంది. వద్దని కోప్పడితే మీకు చెప్పకుండా వెళ్తాడు, అదే నా భయం. ఇవన్నీ ఉంటే వెళ్లు నాన్నా అనండి.

ప్రశ్న: మా ఊళ్లో నీళ్లలో పడ్డవాళ్లను బయటికి తీశాక భుజాన తలకిందులుగా వేసుకుని తిప్పుతారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కిస్తారు. ఇది సరైనదేనా?
– ములుగు నుంచి

జవాబు: కాదు. దయచేసి ఎవరినీ అలా చేయనివ్వకండి. పొట్ట నొక్కితే అన్నం, నీళ్లు పైకి వచ్చి ఊపిరి గొట్టంలోకి పోతాయి, తిప్పడంలో విలువైన నిమిషాలు పోతాయి. ఆ మనిషికి కావాల్సింది గాలి. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే ఇంకొకరు మనిషిని గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఊపిరి ఉందో లేదో చూడాలి. లేకపోతే తల కొంచెం వెనక్కి వంచి, గడ్డం ఎత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ముందుగా ఊపిరి ఊదాలి. మునిగినవాళ్లకు ఊపిరితోనే మొదలుపెట్టాలి. ఛాతీ పైకి లేచేలా రెండుసార్లు ఊదాక, ఛాతీ నడుమ అరచేతి మడమతో ముప్పై సార్లు నొక్కాలి, పెద్దవాళ్లకైతే రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో. మళ్లీ రెండు ఊపిర్లు, మళ్లీ ముప్పై, అంబులెన్సు వచ్చే దాకా లేదా మనిషి కదిలే దాకా. వాంతి అయితే పక్కకు తిప్పి నోరు తుడిచి కొనసాగించాలి. లేచి కూర్చుని మాట్లాడినా ఆస్పత్రికి తీసుకెళ్లండి, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోయి ఉంటే కొన్ని గంటల తర్వాత ఆయాసం మొదలయ్యే అవకాశం ఉంది.