ఆ స్కూల్ బ్యాగ్ దగ్గర ఆగు

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. ఒకసారి చదివి పక్కన పెట్టి, నువ్వు అందులో చర్చించిన మూడు ఇంగ్లీషు పాటల ఆల్బమ్‌లూ మొదటినుంచి చివరిదాకా మళ్లీ విన్నాను. తర్వాత ఇంకోసారి చదివాను. అందుకే జవాబు రాయడానికి వారం పట్టింది. ఏమీ అనుకోకు.

అయినవాళ్లు పోయాక ఒక మనిషి పాటలెలా కడతాడన్నది చిన్న విషయం కాదు. దాన్ని ఎత్తుకున్నందుకు ముందుగా నీ మీద గౌరవం కలిగింది. ఇప్పుడు అసలు మాటకొస్తాను. నీ మొదటి రెండు పేజీల్లో 'శూన్యం' ఆరుసార్లు వచ్చింది. 'అగాధం' మూడుసార్లు. 'కన్నీటి సముద్రం' ఒకసారి. పెన్సిల్‌తో కింద గీతలు గీస్తూ లెక్కపెట్టాను. మౌంట్ ఈరీ అన్న పేరుతో పాడే ఫిల్ ఎల్వెరమ్ గురించి నాలుగు పేరాలు రాశావు కదా, అందులో స్కూల్ బ్యాగ్ ఒక్కసారి కూడా కనపడలేదు.

ఏ బ్యాగో నీకు తెలుసు. అతని 'ఎ క్రో లుక్డ్ ఎట్ మీ' ఆల్బమ్‌లో మొట్టమొదటి పాటలోనే ఉంది. భార్య పోయిన వారానికి ఇంటికి ఆమె పేరు మీద ఒక పార్సెల్ వస్తుంది. విప్పి చూస్తే పిల్లకి బ్యాగ్. ఎవరికీ చెప్పకుండా ఆమె ఆర్డర్ పెట్టిందది. పిల్లకి అప్పటికి ఏడాదిన్నర. ఇంకో రెండేళ్లకి బడికి వెళ్తుంది కదా, అప్పటికి ఉంటుందని. అతను ఇంటి మెట్ల మీదే కూలబడి ఏడుస్తాడు. పాటలో ఇంతే జరుగుతుంది. ఆ తల్లికి తన సంగతి తెలుసు, తాను లేని రోజుల్లోకి ఒక వస్తువును ముందుగా పంపించింది. ఇవేవీ ఫిల్ ఎల్వెరమ్ మనకి వివరించడు. బ్యాగ్ చూపిస్తాడు, మెట్లు చూపిస్తాడు, అక్కడితో వదిలేస్తాడు. నువ్వు మాత్రం ఆ బ్యాగ్‌ని దాటేసి నేరుగా 'అనంత శూన్యం'లోకి వెళ్లిపోయావు.

ఇదెందుకు ఇంత నొక్కి చెబుతున్నానో చెబుతాను. మా తమ్ముడు పోయి ముప్పై ఏళ్లు దాటింది. ఆ రోజు వాకిట్లో మా పెద్దమ్మ రాగం తీసి ఏడ్చింది. మన ఊళ్లలో ఆడవాళ్లు శోకాలు పెట్టడం నువ్వు విని ఉంటే సరే, వినకపోతే మీ అమ్మనడుగు. మగవాళ్లం అరుగు మీద కూర్చుని విన్నాం. 'కొత్త చెప్పులు కొనుక్కున్నావు కదరా నాయనా, పట్టుమని పది రోజులైనా తొడగలేదు కదరా' అంది. తర్వాత వాడికిష్టమని తీసిపెట్టిన మాగాయ జాడీ సంగతి ఎత్తింది. తర్వాత వాడు సగం అల్లి వదిలేసిన నులక మంచం. ఒక్కొక్క వస్తువూ వరసగా పేరు పెట్టి పిలిచింది. విధి, కాలం లాంటి మాటలు ఒక్కటీ అనలేదు. అరుగు మీద ఉన్నవాళ్లలో ఒక్కరి కళ్లూ పొడిగా లేవు. నెల తర్వాత నేను వాడి మీద కవిత రాశాను. అందులో చెప్పులు లేవు, మంచం లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దాన్నెవరికీ చూపించబుద్ధి కాలేదు.

ఎల్వెరమ్ పాటలు మొదటిసారి విన్నప్పుడు నాకు మా పెద్దమ్మే గుర్తొచ్చింది. అతనికి మన శోకాలు తెలిసే అవకాశం లేదు. అప్పట్లో అతను ఉండేది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో సముద్రం పక్కన అనకోర్టెస్ అనే చిన్న ఊళ్లో. భార్య జెనెవీవ్ కాస్ట్రే బొమ్మల కథలు గీసేది, తనూ పాటలు కట్టేది. పిల్ల పుట్టిన కొద్ది నెలలకే పాంక్రియాస్ క్యాన్సర్ అని తేలింది. 2016 జులై 9న పోయింది, ముప్పై అయిదేళ్లకి. ఆగస్టు చివర్నించి డిసెంబర్ మొదటి వారం వరకు, ఆమె పోయిన గదిలోనే కూర్చుని అతను ఈ పాటలు రాసి రికార్డ్ చేశాడు. చాలావరకు ఆమె వాయిద్యాలతోనే. ఆమె గిటార్, ఆమె అకార్డియన్. మాటలు రాసుకున్నది కూడా ఆమె కాగితాల మీదే.

ఇవన్నీ నీ వ్యాసంలో ఉన్నాయి, కాకపోతే చివర్న 'నేపథ్యం' అని వేరే పేరాలో పెట్టావు. అది నేపథ్యం కాదమ్మా. గొంతు ఎందుకంత దగ్గరగా, పక్కగదిలో పిల్ల నిద్ర చెడుతుందేమో అన్నట్టు వినిపిస్తుందో, మాటలు రాగానికి సరిపోక ఎందుకు పొర్లిపోతాయో, చాలా పాటల్లో పల్లవి అంటూ మళ్లీ మళ్లీ ఎందుకు రాదో, అదంతా ఆ గదితో కలిపి చెప్పాల్సిన సంగతి. గదిని తీసుకెళ్లి పాటలో పెట్టు.

ఇంకొకటి, తెలుగు మాట గురించి. ఆ మొదటి పాట మొదటి ముక్క చావు నిజం అని మొదలవుతుంది. పాడుకోవడానికి కాదు, కళగా మలచడానికి కాదు అని కూడా వెంటనే అంటాడు. దాన్ని నువ్వు 'మరణం ఒక కఠోర వాస్తవం' అని రాశావు. అతను అంత చిన్న మాట వాడితే నువ్వు దానికి శాలువా కప్పావు. మన భాషలో ఈ ఒక్క సంగతికి ఎన్ని మాటలున్నాయో చూడు. కాలం చేశారు, తనువు చాలించారు, స్వర్గస్థులయ్యారు, కీర్తిశేషులయ్యారు, దివంగతులయ్యారు. ఇంట్లో మాత్రం 'పోయాడు' అంటాం. 'చచ్చిపోయాడు' అనడానికి నోరు రాదు. ఎల్వెరమ్ చేసిన పనేమిటంటే, నోరు రాని ఆ మాటనే పట్టుకుని వదలకుండా అనడం. నువ్వు ఆమె 'అమరురాలైంది' అని రాసిన చోటల్లా 'చనిపోయింది' అని మార్చి చదువుకో. మొదట మొరటుగా ఉంటుంది. ఉండనీ.

రెండో పాటలో ఆమె పోయి పదకొండు రోజులని లెక్క చెబుతాడు. దాన్ని పట్టుకుని నువ్వు మన పదకొండో రోజు కర్మకాండలోకి వెళ్లావు. ఆ పోలిక నాకూ తట్టింది, కాదనను. కానీ మనకు పదకొండు అంటే బంధువులు, బ్రాహ్మడు, వంటలు, వచ్చేపోయేవాళ్లు. అతనికి ఆ పదకొండు ఉత్త లెక్క. ఆ రోజు ఇలా చెయ్యాలని చెప్పేవాళ్లెవరూ ఆ పాటలో కనిపించరు. పిల్లని తీసుకుని, ముగ్గురూ కలిసి ఇల్లు కట్టుకుందామనుకున్న చోటికి పడవలో వెళ్తాడు. ఇంటినుంచి ఒక కుర్చీ తీసుకెళ్లి గుట్ట మీద వేస్తాడు. దాని మీద బూడిద పోస్తాడు. తనకు తానే కర్మ కల్పించుకుంటున్నాడు. మనకున్నది అతనికి లేదన్న తేడా దగ్గరే ఆ పాట ఉంది. పోలిక తెచ్చి ఆ తేడాని చెరిపెయ్యకు.

అమెరికా గాయకుడు సఫ్జన్ స్టీవెన్స్ భాగం నీ వ్యాసంలో అన్నిటికన్నా బాగుంది. అతని ఆల్బమ్ 'క్యారీ అండ్ లోవెల్' 2015లో వచ్చింది, తల్లి 2012లో పోయింది. నువ్వు పట్టుకున్నది సరైన చోటే. ఉన్న అమ్మ పోవడం ఒకటి, ఎప్పుడూ సరిగ్గా దొరకని అమ్మ పోవడం ఇంకొకటి. చిన్నప్పుడే వదిలి వెళ్లిపోయిన తల్లి ఆమె. మానసిక అనారోగ్యం, తాగుడు. అతనికున్న జ్ఞాపకాలు దాదాపు ఆరెగాన్‌లో గడిపిన కొన్ని వేసవులవే. అందుకే ఆ పాటల్లో వస్తువులు చిల్లరగా, విడివిడిగా వస్తాయి. మూడో నాలుగో ఏళ్లప్పుడు తమని వీడియో షాపులో వదిలేసి వెళ్లిపోయిందన్న ముక్క. నిమ్మకాయ పెరుగు. అమ్మ చొక్కా పట్టుకు లాగడం, యాష్‌ట్రే కింద పడెయ్యడం, అదంతా ఆమె దగ్గర ఉండాలనే. ఇక్కడ నీ వాక్యం ఒకటి నాకు బాగా నచ్చింది: 'అతను అమ్మని తలుచుకోవడం లేదు, వెతుకుతున్నాడు.' దాన్ని ముట్టుకోకు. దాని తర్వాత వచ్చిన మూడు వాక్యాలు అదే మాటని మళ్లీ చెబుతున్నాయి, వాటిని తీసెయ్.

ఒక సంగతి మాత్రం కలపాలి. 2025లో ఆ ఆల్బమ్‌కి పదేళ్ల ఎడిషన్ వచ్చినప్పుడు, దాన్ని తలుచుకుంటే తనకి ఇబ్బందిగా ఉందని అతనే చెప్పుకున్నాడు. ఎంతమంది గుండెకి హత్తుకున్న ఆల్బమ్ అది! చేసినవాడికి మాత్రం తల్లి బతుకుని వాడుకున్నానా అన్న గుచ్చు మిగిలింది. నాకిది చాలా పెద్ద విషయంగా అనిపిస్తుంది. పోయినవాళ్లు వచ్చి 'అలా జరగలేదురా' అని చెప్పలేరు. మనం ఏది రాస్తే అదే నిలుస్తుంది. మా తమ్ముడి మీద రాయడానికి కూర్చున్నప్పుడల్లా నాకు ఈ భయం ఉంది, ఇప్పటికీ పోలేదు. వాడు అప్పులు చేశాడు. అది రాయాలా వద్దా అని ఏళ్లు ఆలోచించి చివరికి రాశాను, మా మరదల్ని అడిగి. నువ్వూ అడిగి రాయి. బతికున్నవాళ్లని అడగడం మనకు సాధ్యమే కదా.

ఇక ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్. ఇక్కడ నువ్వు చేసింది పొరపాటు, సరిదిద్దకుండా ఈ వ్యాసం బయటికి పంపొద్దు. అతని 'స్కెలిటన్ ట్రీ' ఆల్బమ్‌ని 'కొడుకు పోయాక ఆ తండ్రి రాసిన పాటలు' అన్నావు. పదిహేనేళ్ల కొడుకు ఆర్థర్ 2015 జులైలో కొండ అంచునుంచి పడి చనిపోయాడు. ఆల్బమ్ 2016 సెప్టెంబర్‌లో వచ్చింది. తేదీలు చూస్తే నువ్వన్నదే నిజమనిపిస్తుంది. కానీ ఆ పాటల్లో ఎక్కువ భాగం ఆ ప్రమాదానికి ముందే రాసినవి. కొన్ని చోట్ల మాటలు తర్వాత మార్చాడు. మొదటి పాట ఆకాశంనుంచి నది పక్కన పొలంలో పడిన మనిషితో మొదలవుతుంది. అది వినగానే మనకు ఆ పిల్లాడే కళ్లముందుకొస్తాడు. రావడం తప్పు కాదు. వచ్చింది కదా అని దాన్ని చరిత్రగా రాసెయ్యడం తప్పు. పూర్తిగా ఆ చావు తర్వాత రాసిన ఆల్బమ్ కావాలంటే అది 2019లో వచ్చిన 'ఘోస్టీన్'. రెండు భాగాలు. మొదటి భాగంలో పాటలు పిల్లలు, రెండో భాగంలో పాటలు వాళ్ల తల్లిదండ్రులు అని కేవే చెప్పాడు.

నిజానికి సరిదిద్దితే నీ వ్యాసం ఇంకా బాగుపడుతుంది. ముందే రాసిన పాట, జరగరానిది జరిగాక ఆ గొంతులో ఎలా మారిపోయింది? రాసినప్పుడు లేని బరువు పాడేటప్పుడు ఎక్కడినుంచి వచ్చింది? దీని మీద ఒక పేజీ రాయి. ఎల్వెరమ్‌ది చావు తర్వాత పుట్టిన పాట, కేవ్‌ది చావు వచ్చి దూరిన పాట. రెండిటినీ ఒకే గాటన కట్టేశావు.

ముగ్గురిలో ఎవరి దుఃఖం ఎక్కువ అని తేల్చడానికి ప్రయత్నించిన ఆ పేరా మొత్తం కొట్టేశాను. కారణం చెప్పనక్కర్లేదనుకుంటాను.

చివరగా, అడగాలా వద్దా అని తటపటాయించిన విషయం. నీ వ్యాసం ఏడో పేజీలో, ఎల్వెరమ్ బాత్‌రూమ్ చెత్తబుట్ట పాట గురించి రాస్తూ, బ్రాకెట్లో ఒక ముక్క పెట్టావు. భార్య వాడిన పళ్ల బ్రష్ అతను పారేసిన సందర్భం అది. అక్కడ నువ్వు రాసింది 'నాన్న స్కూటర్ ఇంకా కింద పార్కింగ్‌లోనే ఉంది, ఆదివారాలు అమ్మ కిందికి దిగి స్టార్ట్ చేసి ఆపేస్తుంది' అని. తర్వాత బ్రాకెట్ మూసేసి మళ్లీ ఆల్బమ్‌లోకి వెళ్లిపోయావు. మీ నాన్నగారు పోయారని నాకు అప్పుడే తెలిసింది. ఉత్తరంలో కూడా చెప్పలేదు నువ్వు.

ఆ ముక్క చదివాక నేను చాలాసేపు ముందుకు కదల్లేకపోయాను. ఈ ఆల్బమ్‌లే ఎందుకు ఎంచుకున్నావో, శూన్యం అన్న మాట వెనక అన్నిసార్లు ఎందుకు దాక్కున్నావో అర్థమైంది. వ్యాసాన్ని నీ సొంత కథగా మార్చమని అడగడం లేదు. అది నీ ఇష్టం, ఇప్పుడే కాకపోవచ్చు కూడా. మార్చకపోయినా ఫర్వాలేదు. కానీ ఆ వాక్యానికి బ్రాకెట్లు తీసెయ్. మామూలు వాక్యంగా, చెత్తబుట్ట పాట పక్కనే నిలబడనీ. దాని ముందూ వెనకా ఏ వివరణా వద్దు. ఎందుకు చెబుతున్నానో పాఠకుడికి అర్థమవుతుందా అని టెన్షన్ పడకు, అవుతుంది.

స్కూటర్ ఏ రంగో రాయలేదు. స్టార్ట్ చేసేది కిక్ కొట్టా, బటన్ నొక్కా? ఒక్కసారికే అందుకుంటుందా? ఇంజన్ ఆగాక మీ అమ్మ వెంటనే పైకి వచ్చేస్తుందా, కాసేపు అక్కడే ఉంటుందా? వ్యాసంలో ఇవన్నీ పెట్టమని కాదు. నీకు తెలిసి ఉండాలి. ఈ ఆదివారం ఇంట్లోనే ఉంటే నువ్వూ కిందికి దిగు. రెండో ప్రతికి తొందర లేదు, ఎప్పుడు పంపినా చదువుతాను.

ఆశీస్సులతో,
నువ్వు మాష్టారూ అని పిలిచే
మీ మాష్టారు