జీతం లేని సెలవు పెట్టాను.. నిరుద్యోగ భృతి వస్తుందా?

ప్రశ్న: పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీలో ఆరేళ్లు ప్యాకింగ్‌ పని చేశాను. అమ్మకు డయాలసిస్ కోసం నవంబర్ నుంచి జనవరి దాకా జీతం లేని సెలవు పెట్టాను. మే నెలాఖరులో 'రేపటి నుంచి రావద్దు' అన్నారు. కాగితం ఇవ్వలేదు. తలుచుకుంటే ఏడుపొస్తోంది. ఆ సెలవు వల్ల ఈఎస్‌ఐ భృతి రాదని తోటివాళ్లు అంటున్నారు. రూల్స్ మారతాయట, ఆగమంటారా? ఒక కన్సల్టెంట్ వేరే సంస్థలో నా పేరెక్కించి రోజులు కలుపుతానంటున్నాడు. పే స్లిప్పులు దాచుకోలేదు.

జవాబు: కంపెనీ ఎంత అన్యాయంగా పంపినా, భృతి దరఖాస్తులో దానికి గడి లేదు. మీ విషయంలో ముఖ్యంగా తేలాల్సింది ఒక్కటే. అక్టోబర్–మార్చి చందా కాలంలో (ఈఎస్‌ఐ చందాను లెక్కించే ఆర్నెల్ల గడువు) మీ పేరున జీతం ఉన్న రోజులు 78 పడ్డాయా?

తోటివాళ్లది పాత లెక్క. ఈ భృతినిచ్చే ఈఎస్‌ఐ పథకం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన 2018లో మొదలైనప్పుడు, పని పోయే ముందరి నాలుగు చందా కాలాల్లోనూ 78 రోజుల చొప్పున ఉండాలన్నారు. 2020లో సడలించాక రెండేళ్ల సర్వీసు ఉండి, పని పోయే ముందరి చందా కాలంలో 78, అంతకుముందు మూడింటిలో ఏదో ఒకదాంట్లో 78 ఉంటే చాలు.

మీకు మిగిలినవి అక్టోబర్, ఫిబ్రవరి, మార్చి. మొత్తం 90 రోజులు. ఓ 13 ఆదివారాలు తీసేస్తే 77! ఒక్క రోజు దగ్గర ఆగిపోతారు. వారపు సెలవుకు, పండగ సెలవుకు జీతమిచ్చి ఉంటే అవీ కలుస్తాయి. అందుకే ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో మీ బీమా నంబరుతో లాగిన్ అయి, నెలవారీ చందా రోజులు ఇవాళే ప్రింట్ తీసుకోండి.

ఆరేళ్లలో ఒక్క పే స్లిప్ దాచుకోకపోవడం ఏం నిర్లక్ష్యమండీ? బ్యాంక్ స్టేట్‌మెంట్ జీతం చూపిస్తుంది గానీ రోజులు చూపించదు. రోజులు తక్కువ వేసి ఉంటే హాజరు పట్టీ కాపీ కోరుతూ కంపెనీకి రిజిస్టర్డ్ పోస్టులో రాయండి, నకలు ఈఎస్‌ఐ బ్రాంచి ఆఫీసుకివ్వండి. తేలకపోతే ఈఎస్‌ఐ కోర్టుకు వెళ్లాలి, మూడేళ్లలోగా.

కన్సల్టెంట్ మాట మాత్రం చెవిన పెట్టొద్దు. పని చేయని చోట పేరెక్కిస్తే తప్పుడు సమాచారమిచ్చి లబ్ధి పొందారన్న కేసు మీ మీదే, జైలు దాకా పోతుంది. పైగా ఆ రికార్డు ప్రకారం మీరు నిరుద్యోగే కారు. సెటిల్‌మెంట్ కోసం రాజీనామా రాయమన్నా రాయొద్దు. స్వచ్ఛంద విరమణకు, దుష్ప్రవర్తనపై తొలగింపునకు ఈ భృతి లేదు.

మారబోయే రూల్ కోసం ఆగడమెందుకు? అది మీ మే నెలకు వర్తిస్తుందన్న గ్యారంటీ లేదు. పని పోయిన 30 రోజుల తర్వాత భృతికి అర్హత వస్తుంది, దరఖాస్తుకు గడువు ఏడాది. సగటు రోజు వేతనంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు, జీవితంలో ఒక్కసారే. రోజుకు రూ.600 అయితే రూ.27,000. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టి, దాని ప్రింట్‌తో ఆధార్, పాస్‌బుక్ నకళ్లు బ్రాంచిలో ఇచ్చి రసీదు తీసుకోండి.