తలుపులు తెరిచినా గిరాకీ ఎందుకు రాలేదు?

ప్రశ్న: తిరుపతి బస్టాండు దగ్గర మాకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. కరోనా సమయంలో, 2020 జూన్‌లో హోటళ్లు తెరవడానికి అనుమతి వచ్చినా మాకు నెలల తరబడి గిరాకీ లేదు. కాలనీల్లోని హోటళ్లు మాత్రం త్వరగా కోలుకున్నాయి. ఈ తేడా ఎందుకు? మళ్లీ అలాంటి పరిస్థితి వస్తే ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: మీ నష్టానికి కారణం మీ వీధిలో లేదు. తిరుమలలో 2020 మార్చి 20 నుంచి భక్తులకు దర్శనం నిలిపివేశారు. జూన్ 11న అందరికీ మళ్లీ ప్రారంభించినప్పుడు, మామూలుగా 60,000 నుంచి 70,000 మంది వచ్చే కొండకు రోజుకు సుమారు 6,000 మందినే అనుమతించారు. తమిళనాడు, కర్ణాటకల నుంచి వచ్చే వారికి రాకపోకలే కష్టమయ్యాయి. సెప్టెంబరులో బ్రహ్మోత్సవాలను కూడా ఏకాంతంగానే జరపడంతో, మీ వంటి వారికి ఏడాదిలో నాలుగు డబ్బులు మిగిలే రోజులు సైతం చేజారిపోయాయి.

కాలనీ హోటల్‌కు రోజూ వచ్చే ముఖాలు తెలుసు కనుక, రేపటికి ఎంత పప్పు నానబెట్టాలో యజమాని ముందే చెప్పగలడు. మీరు ఆ లెక్క యాత్రికుల రద్దీని బట్టి వేస్తారు. ఆ ఆధారమే పోయాక, తక్కువ రుబ్బితే వచ్చిన నలుగురూ వెనుదిరుగుతారు, ఎక్కువ రుబ్బితే పులిసిపోయిన పిండి పారబోయాలి. అద్దె మాత్రం రద్దీ రోజుల లెక్కన నిర్ణయించినదే. జీతం లేక సొంతూరు వెళ్లిన వంటమాస్టరు తిరిగి రాకపోతే మీ సాంబారు రుచి కూడా ఆయనతోనే పోతుంది. అందుకే చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బులో మొదటి వాటా ఆయనకే ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ప్రభుత్వ సాయం ప్రధానంగా అప్పు రూపంలోనే వచ్చింది. ఆగస్టు వరకు బ్యాంకు వాయిదాలకు గడువు ఇచ్చినా వడ్డీ ఆగలేదు. అత్యవసర రుణ హామీ పథకం అప్పటికే బ్యాంకు రుణం ఉన్నవారికి ఉద్దేశించినది కావడంతో, చేబదుళ్లతో, రోజువారీ వడ్డీలతో నెట్టుకొచ్చే చిన్న హోటళ్లకు అది అక్కరకు రాలేదు. కాబట్టి వ్యాపారం బాగున్నప్పుడే బ్యాంకులో కరెంట్ అకౌంట్ (వ్యాపార ఖాతా) ద్వారా లావాదేవీలు నడిపి, చిన్న రుణమైనా తీసుకుని సక్రమంగా కడుతూ ఉండండి.

స్థానిక గిరాకీని కూడా ఇప్పుడే అలవాటు చేయాలి. కాలేజీ హాస్టళ్లను నమ్ముకోవద్దు, మహమ్మారి వస్తే మొదట ఖాళీ అయ్యేవి అవే. రుయా, స్విమ్స్ ఆస్పత్రుల్లో రోగుల వెంట ఉండేవారికి ఏ కాలంలోనైనా భోజనం కావాలి. వారికి రోజుకు కొన్ని పార్సిళ్లు పంపడంతో మొదలుపెట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యం అద్దె ఒప్పందం. లాక్‌డౌన్ కారణంగా అద్దె నిలిపివేయాలని కోరిన ఒక దుకాణదారుడి కేసులో, ఒప్పందంలో అలాంటి షరతు లేకపోతే అద్దె కట్టక తప్పదని 2020 మే నెలలో ఢిల్లీ హైకోర్టు స్పష్టం చేసింది. ప్రభుత్వ ఉత్తర్వుతో హోటల్ మూతపడినా, దర్శనాలు నిలిచిపోయినా అద్దె ఎంత తగ్గాలో ఈసారి ఒప్పందం తిరగరాసేటప్పుడు అంకెలతో సహా రాయించుకోండి.